చేట పట్టినవాడూ జేసీబీ ఎక్కినవాడూ ఒకటేనా?

మా బాబాయి ఉంగరం కృష్ణలో పడిపోయింది. ఈ వ్యాసం అక్కడ మొదలైంది.

కార్తీక పౌర్ణమి తెల్లవారుజాము. విజయవాడకి దిగువన, లంకల వైపు మా పిన్ని వాళ్ల ఊరి రేవు. పిన్ని అరటి దొప్పలో దీపం వదులుతుంటే బాబాయి పక్కనే నడుములోతు నీళ్లలో మూడు మునకలు వేశాడు. మూడోది వేసి లేచేసరికి వేలికి ఉంగరం లేదు. పెళ్లిలో మామగారు పెట్టిన అరకాసు ఉంగరం. "కృష్ణమ్మకి ఇచ్చాననుకుంటాలే" అని బాబాయి తేల్చేశాడు. పిన్ని మాత్రం ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

సరిగ్గా అప్పుడే మా మూడో సంవత్సరం మినీ ప్రాజెక్ట్ పూర్తయింది. అది మెటల్ డిటెక్టర్. ఒక పాత ప్లాస్టిక్ ప్లేటు చుట్టూ రాగి తీగ చుట్టి, ఆర్డుయినో తగిలించి, పీవీసీ పైపు పిడిగా పెట్టాం. తీగచుట్టలోకి కరెంటు పంపి టక్కున ఆపేస్తాం. కింద లోహం ఉంటే అందులో ఎడ్డీ కరెంట్లు పుట్టి, చుట్టలో సిగ్నల్ చావడానికి కాస్త ఎక్కువ టైం పడుతుంది. ఆ తేడాని కొలిచి బజర్ మోగిస్తాం. ల్యాబ్‌లో చేతి గడియారాన్ని జానెడు దూరం నుంచి పట్టేది. ఇసుకలో చిన్న ఉంగరమైతే నాలుగైదు వేళ్ల లోతు దాకా, అంతే.

రెండు వారాలకి నీళ్లు వెనక్కి తగ్గాయి. ఆదివారం నేనూ నా ప్రాజెక్ట్ మేటూ రేవులో దిగాం. అరగంటలో రెండు రూపాయి బిళ్లలు, ఒక మేకు, మూడు సోడా మూతలు దొరికాయి. ఈలోగా బైక్ మీద ఒక ఉద్యోగి వచ్చి ఆగాడు. ఏ శాఖో చెప్పను, ఆయన మీద నాకు కోపం కూడా లేదు.

"ఏం బాబూ, నిధుల వేటా?"

"కాదండీ, మా బాబాయి ఉంగరం పడిపోయింది."

"అందరూ అదే చెప్తారు. మిషన్ పెట్టి ఏట్లో తవ్వకూడదు. సీజ్ చేస్తా."

"ఏ రూల్ కిందండీ?"

"అన్ని రూల్సూ ఉన్నాయి" అన్నాడాయన.

మా ప్లేటు వంకా, పీవీసీ పైపు వంకా చూసి, చివరికి నవ్వి, ఇంకోసారి కనిపిస్తే బాగుండదని చెప్పి వెళ్లిపోయాడు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ వెనకాల, ఏటి మధ్యలో, ఒక ఎక్స్‌కవేటర్ ట్రాక్టర్లకి ఇసుక ఎత్తుతూనే ఉంది. దానికి పర్మిట్ ఉందో లేదో నాకు తెలియదు, ఉండే ఉండొచ్చు. నాకు పట్టుకున్నది వేరే ప్రశ్న. నా ప్లేటుకి అసలు పర్మిట్ అనేది ఒకటి ఉందా? కావాలంటే ఎవరిని అడగాలి?

మా వదిన విజయవాడలో లాయరు. ఆ రాత్రి వాళ్లింట్లో భోజనాల దగ్గర ఇదంతా చెప్పాను. "ఆయన చెప్పింది అబద్ధం కాదురా. నువ్వు తవ్విన ఆ గుంటలో నాలుగు చట్టాలున్నాయి" అంది. అప్పటినుంచి నెల రోజులు సెమిస్టర్ పుస్తకాల కంటే ఎక్కువగా ఆ నాలుగు చట్టాలే చదివాను. మీకోసం వాటిని ఒక్కొక్కటిగా చెప్తాను, ఎందుకంటే మనలో చాలామంది ఏదో ఒక రోజు ఇలాంటి డిటెక్టర్ చేస్తాం, యూట్యూబ్ చూసి ఏటి ఒడ్డుకీ వెళ్తాం.

మొదటిది, పోయిన వస్తువు. బాబాయి ఉంగరం బాబాయిదే. అదే మరొకరి ఉంగరం నాకు దొరికి దగ్గర పెట్టుకుంటే, 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 71 ప్రకారం అది నాకు అప్పగించిన సొత్తులాంటిది. జాగ్రత్తగా ఉంచి, అసలు మనిషిని వెతకాలి. ఇది న్యాయంగానే ఉంది.

రెండోది, పాతిపెట్టిన సొమ్ము. దీనికి 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం. నేలలో దాచి ఉన్న విలువైన వస్తువు ఏదైనా నిధే. దాని విలువ 10 రూపాయలు దాటితే ఏం దొరికింది, ఎక్కడ, ఏ రోజున అని కలెక్టరుకి రాతపూర్వకంగా చెప్పాలి. దొరికిన సొమ్మును ట్రెజరీలో జమ చేయాలి, లేదా అడిగినప్పుడు తెచ్చిస్తానని హామీ ఇవ్వాలి. చెప్పకుండా దాచుకుంటే తన వాటా పోతుంది, ఏడాది వరకు జైలు, జరిమానా, లేదా రెండూ. చెప్పినవాడికి మాత్రం ఈ చట్టం అన్యాయం చేయదు. హక్కుదారుడు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి నాలుగింట మూడు వంతులు, స్థలం యజమానికి ఒక వంతు. ప్రభుత్వమే తీసుకోదలిస్తే లోహం విలువకి ఇంకో ఐదో వంతు కలిపి ఇవ్వాలి. ఈ సంగతి మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు? "నిధి దొరికితే గవర్నమెంట్ లాక్కుంటుంది" అనేదొక్కటే అందరికీ తెలుసు. అందుకే దొరికినవాడు రాత్రికి రాత్రి కరిగించేస్తాడు. ఇక ఆ 10 రూపాయల హద్దు 1878లో రాసింది. ఇవాళ బీసెంట్ రోడ్డులో 10 రూపాయలకి ప్లేటు పునుగులు రావు.

మూడోది, నేలలో పుట్టిన బంగారం. ఇక్కడ మన సరదా పూర్తిగా ఆగిపోతుంది. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం, అందరూ ఎంఎండీఆర్ చట్టం అంటారు, బంగారాన్నీ వజ్రాల్నీ పెద్ద ఖనిజాల కింద పెట్టింది. సెక్షన్ 4 ప్రకారం లైసెన్సు లేకుండా మైనింగే కాదు, ప్రాస్పెక్టింగ్ కూడా చేయకూడదు. ఖనిజం ఎక్కడుందో వెతకడానికి చేసే పని ఏదైనా ప్రాస్పెక్టింగే. అంటే పళ్లెంలో గుప్పెడు ఇసుక వేసి నీళ్లలో తిప్పి అడుగున ఏమైనా మెరుస్తుందా అని చూడడం కూడా, అక్షరాలా చదివితే, అందులోకే వస్తుంది. సరదాకి, చదువుకి, చేత్తో అనే మినహాయింపు అందులో లేదు. 2023లో ఈ చట్టాన్ని సవరించి బంగారం, వజ్రం లాంటి లోతు ఖనిజాల కోసం ఎక్స్‌ప్లొరేషన్ లైసెన్సు అనే కొత్తది తెచ్చారు. అది వేలంలో కంపెనీలు పాడుకునేది. మన జేబులో పట్టేది కాదు.

పరికరాల మాట వచ్చేది సెక్షన్ 21(4)లో. అనుమతి లేకుండా ఖనిజం తీస్తే, దానికి వాడిన పనిముట్టు, పరికరం, వాహనం, ఇంకే వస్తువైనా సరే స్వాధీనం చేసుకోవచ్చు. మా ప్లాస్టిక్ ప్లేటు పనిముట్టే, ఎక్స్‌కవేటర్ కూడా పనిముట్టే. ఈ చట్టంలో శిక్ష ఐదేళ్ల జైలు దాకా, హెక్టారుకి 5 లక్షల రూపాయల జరిమానా దాకా ఉంది. మేం తవ్విన గుంట హెక్టారులో ఎన్నో వంతో లెక్కేస్తే క్యాలిక్యులేటర్ కూడా నవ్వుతుంది.

నాలుగోది, ఆ ఇసుకే. ఇసుక చిన్న ఖనిజం, దాని నియమాలు రాష్ట్రం చేతిలో ఉంటాయి. 2012లో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చిన్న ఖనిజాల తవ్వకానికి, ఐదు హెక్టార్ల లోపైనా సరే, పర్యావరణ అనుమతి ఉండాలని చెప్పింది. నాకు మొదటిసారి ఆశ కలిగింది దీని తర్వాత జరిగిన సంగతి చదివినప్పుడు. 2016 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఆ అనుమతి అక్కర్లేని పనుల జాబితా ఒకటి ఇచ్చింది. కుమ్మరి కుండల కోసం చేత్తో తీసుకునే మట్టి, వరద తర్వాత రైతు తన చేలోంచి ఎత్తేసుకునే ఇసుక, ఊరివాళ్లు సొంత వాడకానికి ఆనవాయితీగా తెచ్చుకునే మట్టీ ఇసుకా అందులో ఉన్నాయి. అంటే చేయి వేరు, యంత్రం వేరు అని మన ప్రభుత్వానికి తెలుసు. తెలిసి, రాసి, గెజిట్‌లో అచ్చు కూడా వేసింది. ఆ జాబితాలోకే తర్వాత 2020లో రోడ్లూ పైపులైన్ల ప్రాజెక్టుల కోసం తీసే మట్టిని కూడా చేర్చారు. దాన్ని 2024 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. కుమ్మరి మినహాయింపు మాత్రం ఆ తీర్పులో చెక్కుచెదరలేదు. నా వాదనంతా ఈ గీత మీదే నిలబడి ఉంది.

"అసలు కృష్ణలో బంగారం ఉందా?" అని మీరు అడగొచ్చు. ఎగువన రాయచూరు దగ్గర, కృష్ణా తుంగభద్రల మధ్య హట్టి బంగారు గని ఉంది. కాబట్టి ఏ యుగంలోనో నలుసులు కొట్టుకొచ్చే ఉంటాయి. కానీ మధ్యలో శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల ఉన్నాయి. బరువైన రేణువులు అన్నిటికంటే ముందు డ్యాముల వెనకే కూర్చుంటాయి, ఇది మన సివిల్ వాళ్లని అడిగినా చెప్తారు. డెల్టాలో పళ్లెం తిప్పితే మిగిలేది నల్ల ఇసుక. మంగినపూడి బీచ్‌లో అదే పని చేస్తే ఇంకో చిక్కు, ఇల్మనైట్, మోనజైట్ లాంటి బీచ్ ఇసుక ఖనిజాలను చట్టం అణు ఖనిజాల జాబితాలో పెట్టింది. కాబట్టి ఎవరైనా ధనవంతులైపోదామని బయల్దేరితే ఇక్కడే ఆగిపొండి.

కానీ వెతకడం మన నీళ్లలో కొత్త కాదు. హైదరాబాద్ హైవే మీద అంత పెద్ద ఆంజనేయస్వామి విగ్రహం ఉన్న పరిటాల ఒకప్పుడు వజ్రాల గనుల ఊరు. ఎగువన కొల్లూరు ఇంకా పెద్దది. కోహినూర్ అక్కడిదేనని నానుడి. 17వ శతాబ్దంలో ఆ గని చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అక్కడ దాదాపు 60,000 మంది ఆడా మగా పిల్లా జెల్లా పని చేస్తున్నారని రాశాడు. మట్టి తవ్వి, గోడ కట్టిన మడిలో పోసి, నీళ్లతో కడిగి, ఎండబెట్టి, ధాన్యం చెరిగినట్టు బుట్టలతో చెరిగి, చివరికి చేత్తో ఏరేవాళ్లట. యంత్రం లేదు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. ఆ జలాశయానికి పెట్టిన పేరు మన ఇంజనీరు కె.ఎల్. రావు గారిది.

మన భాషే చూడండి. బియ్యంలో రాళ్లు పోవడానికి నీళ్లలో వేసి తిప్పడాన్ని గాలించడం అంటాం. ఒక వస్తువు కోసం మూలమూలా వెతకడాన్నీ గాలించడమే అంటాం. మా అమ్మమ్మ గిన్నెలో బియ్యం గాలించినట్టే గోల్డ్ పాన్ తిప్పాలి, తేలికవి పైనుంచి పోతాయి, బరువైనవి అడుగున మిగులుతాయి. పుస్తకాల్లో గ్రావిటీ సెపరేషన్ అని చదివేదాన్ని మన ఇళ్లలో రోజూ చేస్తారు.

ఇప్పటికీ గాలిస్తున్నవాళ్లున్నారు. తుపాను వెళ్లాక ఉప్పాడ తీరంలో ఆడవాళ్లూ పిల్లలూ ఇసుకలో బంగారు రవ్వల కోసం వెతుకుతారు. కడలి మింగేసిన ఇళ్లలోంచీ గుళ్లలోంచీ వచ్చినవని వాళ్ల నమ్మకం. తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి వైపు, అనంతపురం జిల్లా వజ్రకరూరు వైపు, ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి చేలల్లో తలవంచుకుని వజ్రాల కోసం నడుస్తారు. కొందరి దగ్గర పార కూడా ఉండదు. మన బెజవాడ ఘాట్ల దగ్గర కుర్రాళ్లు తాడుకి అయస్కాంతం కట్టి నీళ్లలో చిల్లర పడతారు. రూపాయి, రెండు రూపాయల స్టీలు బిళ్లలు దానికి అంటుకొస్తాయి. వీళ్లెవరికీ అనుమతి లేదు. వీళ్లెవరికీ గట్టిగా నిషేధమూ లేదు. చూసీ చూడనట్టు సాగిపోతోంది.

"సాగిపోతోందిగా, మరి నీ బాధేంటి?" అంది వదిన.

నా బాధ ఇది. రూలు లేనిచోట నష్టపోయేది ఎప్పుడూ చిన్నవాడే. జొన్నగిరి చేలో ఒక కూలీకి రాయి దొరికిందనుకోండి. ఆమె దాన్ని బాహాటంగా ఎక్కడా అమ్మలేదు. గుట్టుగా వ్యాపారి దగ్గరికి వెళ్తుంది. ఎంతిస్తాడో అంత. "ఇది తక్కువ" అని గట్టిగా అనలేదు, ఎందుకంటే ఆ రాయి తన చేతిలో ఉండడమే తప్పన్న భయం. చేను గలాయన పైరు తొక్కేశారని మొత్తుకుంటాడు, ఆయనకీ పైసా రాదు. ప్రభుత్వానికి రాయల్టీ రాదు. మన భూగర్భ శాస్త్రవేత్తలకి ఏ చేలో ఏం దొరికిందన్న లెక్క కూడా మిగలదు.

ఇదే దేశంలో ఇంకో దారి ఉంది. మధ్యప్రదేశ్‌లోని పన్నా జిల్లాలో మామూలు మనిషి వజ్రాల ఆఫీసుకి వెళ్లి, 8 మీటర్ల పొడవు 8 మీటర్ల వెడల్పు ఉన్న జాగాకి పట్టా తీసుకోవచ్చు. ఏడాదికి రుసుము 200 రూపాయలు. పలుగూ పారా పట్టి తవ్వుకుంటాడు, మట్టి కడుగుతాడు, ఏరతాడు. రాయి దొరికితే అదే ఆఫీసులో జమ చేస్తాడు. వాళ్లు తూకం వేసి, విలువ కట్టి, వేలం పెట్టి, రాయల్టీ, పన్ను మినహాయించుకుని మిగతాది అతనికే ఇస్తారు. అక్కడ అన్నీ బాగున్నాయని నేననడం లేదు. పూడ్చని గుంటలున్నాయి, ఏళ్ల తరబడి తవ్వి ఏమీ దొరకనివాళ్లే ఎక్కువ. అయినా దొరికినవాడు పగటిపూట తలెత్తుకుని నడిచి వెళ్లే కౌంటర్ ఒకటుంది. కొల్లూరు, పరిటాల, వజ్రకరూరు ఉన్న మనకి అలాంటి కౌంటర్ లేదు.

ఇక్కడిదాకా రాసి, వదినకి చూపించి, ఒప్పేసుకుంటుందనుకున్నాను. ఆమె రెండు మాటలంది. రెండూ నన్ను ఆపేశాయి.

మొదటి మాట: "నువ్వు సరదా అంటావు. రేపు అదే సరదా పేరు మీద రాత్రిపూట జేసీబీలు దిగుతాయి. ఎడ్లబండికి ఇచ్చిన మినహాయింపు లారీలు వాడుకోవడం నేను చూశాను."

రెండో మాట: "ఎప్పుడైనా భట్టిప్రోలు వెళ్లావా?"

వెళ్లలేదు. తెనాలి నుంచి ఎంతో దూరం లేదు, తర్వాతి ఆదివారమే వెళ్లాను. అక్కడ క్రీస్తుకు పూర్వపు బౌద్ధ స్తూపం ఉంది. ఉంది అంటే, పునాది దిబ్బ మిగిలింది. 19వ శతాబ్దంలో మన డెల్టాకి కాలవలూ రోడ్లూ వేస్తున్నప్పుడు, ఆ స్తూపం ఇటుకల్ని రోడ్డుకీ పాలరాతి పలకల్ని వెల్లటూరు దగ్గర తూము కట్టడానికీ వాడేశారు. చేసింది దొంగలు కాదు, ఇంజనీర్లు. మిగిలినదాన్ని 1892లో అలెగ్జాండర్ రియా తవ్వితే రాతి పెట్టెలు బయటపడ్డాయి. లోపల స్ఫటికపు భరిణె, చిన్న చిన్న బంగారు పూలు, పూసలు. ఆ రాతి పెట్టెల మీదే అక్షరాలున్నాయి. మన లిపి చరిత్ర రాసేవాళ్లెవరూ ఆ అక్షరాల్ని దాటి వెళ్లలేరు.

ఆ దిబ్బ పక్కన నిలబడి ఒక సంగతి ఆలోచించాను. 1892 కంటే ముందే నాలాంటివాడు డిటెక్టర్‌తో అక్కడికి వచ్చి ఉంటే? బజర్ బంగారు పూలకి మోగేది. రాతికి మోగదు. వాడు పూలు జేబులో వేసుకుని పెట్టెను అవతల పారేసేవాడు. తెలుగు సాహిత్య క్లబ్ పత్రికలో ఇది రాస్తున్నాను కాబట్టి చెప్తున్నాను, మనకి ఆ పూల కంటే పెట్టె ఎక్కువ. నా మిషన్‌కి ఆ తేడా తెలియదు. అమరావతి కథా ఇలాంటిదే. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు రాళ్ల కోసం, నిధి కోసం అక్కడి దిబ్బ తవ్వారు. 1798లో మెకంజీ చూసేసరికే చాలా పోయింది.

కృష్ణా జిల్లాలో ఘంటసాల నుంచి మొదలుపెట్టి ఎన్ని ఊళ్లలో పాటిదిబ్బలున్నాయో మనకి తెలుసు. పాటిమట్టి పొలానికి బలమని తోలుకెళ్లిన తరాలు ఉన్నాయి. ఆ దిబ్బల మీద డిటెక్టర్ తిప్పడం సరదా కాదు, మన ఇంటి దస్తావేజుల్లోంచి మధ్య పేజీలు చింపడం. ఆ విషయంలో నేను ఇప్పుడు ఆ బైక్ ఉద్యోగి పక్షం.

మరి వదిన మొదటి మాటకి జవాబు? దానికి బయటి దేశాలు ఏం చేశాయో చూశాను. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో మైనర్స్ రైట్ అని ఒక చిన్న కాగితం కొనుక్కుంటే పళ్లెం, చేతి పనిముట్లు, మెటల్ డిటెక్టర్‌తో బంగారం వెతుక్కోవచ్చు. తవ్వే యంత్రాలూ పేలుడు పదార్థాలూ కూడదు. న్యూజిలాండ్‌లో ప్రజల కోసం కేటాయించిన గోల్డ్ ఫాసికింగ్ ప్రాంతాలున్నాయి. అక్కడ చేతితో వాడే, మోటారు లేని పనిముట్లే వాడాలి. కాలిఫోర్నియాలో పళ్లెం తిప్పుకోవచ్చు గానీ, పంపుతో ఏటి అడుగుని పీల్చే సక్షన్ డ్రెడ్జింగ్‌ని 2009లో ఆపేశారు. చేపలు గుడ్లు పెట్టే చోటు పాడవుతుందనీ, పాత గనుల పాదరసం మళ్లీ పైకి లేస్తుందనీ.

మూడు చోట్లా లోహం ఒకటే. గీత గీసింది పనిముట్టు దగ్గర. మన చట్టం "ఏం తీస్తున్నావు?" అని మాత్రమే అడుగుతుంది. "దేనితో తీస్తున్నావు?" అన్నది సీజ్ చేసేటప్పుడు గుర్తొస్తుంది. ముందే అడిగితే సగం గొడవ తీరుతుంది. ఎందుకంటే గనుల చట్టం చదవని హోంగార్డు కూడా ఒక్క చూపులో తేల్చగలిగిన ప్రశ్న అది: ఇంజన్ ఉందా, లేదా?

కాబట్టి నేను కోరేది ఇంతే.

ఇంజన్, పంపు, మోటారు ఉన్నది ఏదీ వద్దు. బ్యాటరీ వెతకడానికి ఉండొచ్చు, తవ్వడానికి ఉండకూడదు. పాదరసం అసలే వద్దు.

లోతు మోచేతిని దాటకూడదు. తవ్విన గుంట పూడ్చాకే లేవాలి. వేసవిలో ఈత కొట్టే పిల్లలు ఇసుక గుంటల్లో పడి పోతున్న ఊళ్లు మనవి, ఈ మాట నేను ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

చోటు ముందే ప్రకటించాలి. ఎండిన ఇసుక మేటలు, కొన్ని రేవులు, కొన్ని బీడు చేలు. కరకట్టకి దగ్గర్లో వద్దు. రైతు చేలోకి ఆయన మాట లేకుండా వద్దు, దొరికినదాంట్లో ఆయనకీ వాటా ఉండాలి. రక్షిత కట్టడాలు, పాటిదిబ్బల దరిదాపులకి డిటెక్టర్‌తో అడుగు పెట్టకూడదు. పెడితే శిక్ష ఇప్పటికంటే గట్టిగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

అనుమతి కాగితం ఒక పేజీలో, తెలుగులో, గ్రామ సచివాలయంలో దొరకాలి. దొరికిన వస్తువు చూపించడానికి జిల్లాకి ఒక కౌంటర్ ఉండాలి. రాయి అయితే పన్నాలో లాగా వేలం. పాతకాలపు వస్తువైతే పురావస్తు శాఖకి, దొరికినవాడికి చట్టంలో ఉన్న డబ్బు ఫలానా రోజుల్లోగా. 1878 చట్టం ఇస్తానన్నది నిజంగా చేతికి వస్తుందని ఒక్క ఊళ్లో ఒక్కడికి నమ్మకం కలిగినా, పదిమంది కరిగించడం మానేస్తారు.

ఇలా చేస్తే దొంగలు ఆగిపోతారా? ఆగరు. కానీ ఇప్పుడు దొంగా, ఉంగరం వెతుక్కునే బాబాయీ, అయస్కాంతం కుర్రాడూ, జొన్నగిరి కూలీ ఒకే వరసలో నిలబడి ఉన్నారు. మిగతా ముగ్గురినీ పక్కకి తీస్తే, వరసలో మిగిలినవాడు కనపడతాడు. వదిన భయపడిన రాత్రి జేసీబీకి సరదా కాగితం పనికిరాదు, ఆ కాగితం మీద మొదటి మాటే ఇంజన్ వద్దని ఉంటుంది గనుక. ఇది చదివి వదిన "డ్రాఫ్టింగ్ బాగాలేదు గానీ, పాయింటుంది" అంది. మా వదిన దగ్గర అది డిస్టింక్షన్ కింద లెక్క.

2028లో మళ్లీ కృష్ణా పుష్కరాలు. 2016లో ఘాట్ల నిండా జనాన్ని చూసినవాళ్లం. ఈసారీ ఎన్నో ఉంగరాలు, ముక్కుపుడకలు, చెవి దుద్దులు ఇసుకలోకి జారతాయి. అప్పటికి గనుల చట్టం మారాలని నేను ఆశపడటం లేదు. కనీసం ఘాట్ దగ్గర ఒక బల్ల వేసి, మనలాంటి కాలేజీల పిల్లలకి గుర్తింపు కార్డులిచ్చి, చేతి డిటెక్టర్లతో పోయిన నగలు వెతికిపెట్టే అవకాశం ఇవ్వమని అడగొచ్చు. మన క్లబ్ తరఫున ఆ అర్జీ రాద్దామని నా ప్రతిపాదన. తెలుగు బాగా వచ్చినవాళ్లు ఒకరు, చట్టం చదవగలిగే ఓపిక ఉన్నవాళ్లు ఒకరు నాకు కావాలి.

బాబాయి ఉంగరం దొరకలేదు. మొన్న ఒక జూనియర్ వచ్చి "అన్నా, మీ కాయిల్ ఒకసారి ఇస్తావా, మా ఊళ్లో దిబ్బ ఉంది" అన్నాడు. కాయిల్ ఇచ్చాను. దిబ్బ మీదకి తీసుకెళ్లనని ముందు మాట తీసుకున్నాను. దగ్గర్లో ఎండిన రేవు ఏదైనా ఉంటే అక్కడ తిప్పు, ఎవరైనా అడిగితే దాచకుండా చూపించు అని చెప్పాను. అడిగినవాళ్లకి చూపించడానికి ఒక కాగితం కూడా ఇచ్చి ఉంటే బాగుండేది. అది నా దగ్గర లేదు.